ఒక్క బిడ్డ కోసమైనా సీసా తెరవండి

మొన్న మా తాలూకాలో కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక నర్సు పిల్ల నన్ను చూడడానికి ఇంటికి వచ్చింది. కాఫీ తాగింది. నా మోకాళ్ళ నొప్పి ఎలా ఉందని అడిగింది. ఆ తరువాత అసలు సంగతికి వచ్చింది.

"ఆంటీ, ఈ వలస వచ్చినోళ్ళు పిల్లలకి టీకాలంటే ఒప్పుకోరంట కదా. మీరు ఏం చెప్పి ఒప్పిస్తా ఉంటిరి?"

నాకు ఒళ్ళు మండింది. పాపం, ఆ పిల్ల తప్పేం లేదు. శిక్షణలో అదే నేర్పి పంపించారు. నాకూ అదే నేర్పారు. "అవగాహన లేని వలస కుటుంబాలు" అనే మాటను నేను ఉద్యోగంలో చేరిన నాటి నుంచి, చివరి రోజు మెడలో దండ వేయించుకునే దాకా ప్రతి మీటింగులోనూ విన్నాను. ఆ మాట అన్నవాళ్ళలో చాలామంది ఒక్క వలస తల్లి పక్కన కూడా కూర్చుని మాట్లాడి ఉండరు.

అందుకే ఇది రాస్తున్నాను. నా బదిలీలు, నాకు రాని ప్రమోషన్లు, వాటి కోసం తిరిగిన ఆఫీసులు, అవన్నీ వదిలేస్తాను. వాటితో ఎవరికీ పని లేదు. పిల్లలకు సూదులు వేసే పని నిజంగా ఎలా ఉంటుందో, అందులో అడ్డం పడేది ఎవరో, నాకు తెలిసినంత చెబుతాను. కోపం తగ్గాక రాద్దామని ఇన్నాళ్ళు ఆగాను. అది తగ్గేలా లేదు కాబట్టి కోపంతోనే రాస్తున్నాను.

మేమూ వచ్చినవాళ్ళమే

మా తాత చిత్తూరు వైపు పల్లె నుంచి కోలారు బంగారు గనిలో పనికి వచ్చాడు. నేను చాంపియన్ రీఫ్స్‌లో పుట్టాను. గని కూలీల కోసం వరుసగా, గోడకు గోడ ఆనించి కట్టిన ఇళ్ళు మావి. లైన్లు అంటాం. మా లైనుకు సూది నర్సు వచ్చిందంటే మొదటి ఇంటి పిల్లవాడి ఏడుపుతోనే చివరి ఇంటిదాకా కబురు అందేది. నేను నీళ్ళ తొట్టి వెనకాల నక్కేదాన్ని. పక్కింటి తమిళ అవ్వ నన్ను చెవి పట్టుకుని లాక్కొచ్చి, "ఇందామ్మా, ఇంగే ఒణ్ణు ఇరుక్కు" అంటూ నర్సుకు అప్పగించేది. ఇక్కడ ఇంకొకటి ఉందమ్మా అని. ఆ అవ్వ మీద నాకు చాలాకాలం కోపం ఉండేది. తరువాత నేనే సూది పట్టుకున్నాక, ప్రతి ఊళ్ళో అలాంటి అవ్వ ఒకతె ఉంటే ఎంత బాగుండునో అనుకున్నాను.

మా తాతా వలస వచ్చినవాడే కదా. ఆయన పిల్లలకు, మనవలకు సూదులు పడడానికి ఎవరూ ఆయన కళ్ళు తెరిపించలేదు. అందరూ ఒకే చోట ఉన్నారు, నర్సు నడిచి వచ్చింది, పిల్లలు దొరికారు. అంతే జరిగింది.

మా శాఖ బుర్రలో ఇప్పటికీ ఆ లైనే ఉంది. వలస అంటే ఒక గుంపు కనబడాలి. ఇటుకల బట్టీనో, రోడ్డు పని క్యాంపో అయితే జీపు పోతుంది, బ్యానరు కడతారు, ఫోటో తీసుకుంటారు. కాని ఇప్పుడు మా కోలారు జిల్లాలో బయటి రాష్ట్రాల నుంచి వచ్చినవాళ్ళు ఎక్కువగా ఎక్కడ ఉన్నారు? తోటకొక జంటగా ఉన్నారు. పట్టుపురుగుల షెడ్డు పక్కన ఒక గది, కోళ్ళ ఫారం వెనక రేకుల కొట్టం, మామిడి తోటలో కాపలా గుడిసె. ఒక్కో చోట ఒకే కుటుంబం, ఒకే బిడ్డ. ఆ ఒక్క బిడ్డ కోసం ఏ జీపూ కదలదు.

నడిచిపోయిన గోడలు

గుంపు ఉన్నచోట మాత్రం మేమేదో ఉద్ధరించామనుకోకండి. క్యాసంబళ్ళి దగ్గర ఒక ఇటుకల బట్టీ ఉండేది. పోలియో చుక్కలు వేసే రోజుల్లో, వేసిన ఇంటి గోడ మీద సుద్దముక్కతో గుర్తు రాయడం మా పద్ధతి. మరునాడు పైఅధికారి వచ్చి గోడలు చూసి, ఏ ఇంట్లో పిల్లలు మిగిలిపోయారో కనిపెడతాడు. ఊళ్ళలో అది బాగానే నడుస్తుంది.

బట్టీలో గుడిసెలు ఎలా కట్టుకుంటారో మాలో ఎవరూ ఆలోచించలేదు. సున్నం, సిమెంటు ఏమీ ఉండదు. కాలిన ఇటుకలనే ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన రేకు వేసుకుంటారు. మేము గుర్తులు రాసి వచ్చిన సాయంత్రమే ఎవరో పెద్ద లోడు కావాలన్నారట. బట్టీ మేస్త్రీ ఒక వరుస గుడిసెలను విప్పించి ఇటుకలు లారీకి ఎక్కించాడు. కూలీలు పక్కకు జరిగి మళ్ళీ పేర్చుకున్నారు. మరునాడు మా అధికారి వచ్చి, ఒక గోడలో మూడు ఇళ్ళ గుర్తులు చూసి, ఇంకో వరుసలో ఒక్క గుర్తూ లేక, మా మీద నిప్పులు చెరిగాడు. "ఏమ్మా, రాత్రికి రాత్రి ఇండ్లు నడిచిపోయినాయా?" అన్నాడు.

"అవును సార్, నడిచిపోయినాయి" అన్నాను. నమ్మలేదు.

కొన్నాళ్ళకు క్యాసంబళ్ళి సంతకు పోయినప్పుడు, ఒక కొత్త కాంపౌండు గోడలో మా సుద్ద గీతలు ఇక్కడొకటి అక్కడొకటి కనబడ్డాయి. బాణం గుర్తు తలకిందులుగా ఉంది. నేను అక్కడే నిలబడి పిచ్చిదానిలా నవ్వాను. ఆ ఇంటామె బయటికి వచ్చి, "ఏమ్మా, ఏమయింది?" అని అడిగింది. "ఏం లేదమ్మా, మీ గోడకి పోలియో చుక్కలు పడినాయి" అన్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసి తలుపు వేసుకుంది.

గోడను నమ్ముకోవద్దని చెప్పడానికే ఇది రాశాను. తల్లిని అడగండి. ఇక్కడి నుంచి ఎక్కడికి పోతారమ్మా, ఎప్పుడు పోతారు అని. ఆమెకు తెలుసు. సూది కార్డు ఆమె చేతికే ఇవ్వండి, మేస్త్రీకి ఇవ్వకండి. ఈ రాత్రి బిడ్డకు జ్వరం వస్తుందని ముందే చెప్పి మాత్ర ఇచ్చి, ఎంత వేయాలో చూపించండి. చెప్పకుండా వేసి వచ్చేస్తే, రేపు బిడ్డ జ్వరంతో ఆమె పని పోతుంది. తరువాత సూది అంటే ఆమె దాక్కుంటుంది. అప్పుడు మనం కాగితం మీద "ఒప్పుకోలేదు" అని రాస్తాం. ఎంత సిగ్గులేని రాత అది!

పురుగులున్న ఇల్లు

ఇప్పుడు ఫూల్‌మణి సంగతి చెబుతాను. ఇది రాయాలని కూర్చున్నదే ఆమె కోసం.

ఊళ్ళో ఎవరింట్లో కొత్త మనిషి దిగిందో తెలియాలంటే పాల డెయిరీ దగ్గర నిలబడండి. పొద్దున, సాయంత్రం ఊరంతా క్యానులతో అక్కడికే వస్తుంది. బైరకూరు పక్కన ఒక పల్లెలో అలా నిలబడినప్పుడే, పట్టు రైతు మునివెంకటప్ప తోటలో జార్ఖండ్ జంట పనికి కుదిరారని, చంకలో ఆడబిడ్డ ఉందని విన్నాను. ఆ మధ్యాహ్నమే పోయాను.

తోట దారికి అడ్డంగా తాడు కట్టి ఉంది. నేను తాడు ఎత్తానో లేదో, మునివెంకటప్ప లుంగీ ఎగ్గట్టుకుని పరుగున వచ్చాడు.

"ఆడనే నిలుసమ్మా! లోపలికి రాబాక!"

"ఏమప్పా, నేనేమన్నా దొంగనా?"

"దొంగైనా పర్వాలేదు. నువ్వు ఆసుపత్రి నుంచి వచ్చినావు. నీ మింద స్పిరిట్టు వాసన ఈడిదాకా కొడ్తా ఉండాది. పురుగులు నాలుగో జ్వరం లేసినాయి. ఈ వాసన తగిల్తే మేత మానేస్తాయి. ఇంగ నా గతేం కావాల?"

తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను. పట్టుపురుగు పెరిగేటప్పుడు నాలుగుసార్లు మేత మాని, కదలకుండా పడి, కుబుసం విడుస్తుంది. దాన్నే ఇక్కడ జ్వరం అంటారు. నాలుగో జ్వరం లేచాక పెద్ద మేత మొదలవుతుంది. అప్పుడు రాత్రనక పగలనక మల్బరీ ఆకు వేస్తూనే ఉండాలి. ఆ రోజుల్లో ఆ ఇంటివాళ్ళు చావుకు పోరు, పెళ్ళికి పోరు. పూలు పెట్టుకోరు, అగరబత్తి వెలిగించరు. బ్లీచింగ్ పౌడరు నీళ్ళలో కాళ్ళు ముంచి గాని షెడ్డులో అడుగు పెట్టరు. బయటివాళ్ళను రానివ్వరు, లోపలివాళ్ళను పోనివ్వరు. రోగం మోసుకొస్తారని భయం. నేను పనిచేసిన ఏ వార్డులోనూ అంత శుభ్రం చూడలేదు.

షెడ్డు గుమ్మంలో ఒకామె ఆకు తరుగుతూ కనబడింది. సన్నగా, పొడుగ్గా ఉంది. పక్కన గుంజకు కట్టిన చీర ఉయ్యాలలో బిడ్డ. నా తెల్ల కోటు చూడగానే కత్తి కింద పెట్టి లేచింది.

"అక్కా! సూది అక్కా? గుడియాకి తొమ్మిది నెల అయింది. ఒంటి మీద దానా వచ్చే రోగంకి సూది ఉంది కదా, అది వెయ్యి."

విన్నారా? నేను ఒప్పించాలా ఈమెను? తొమ్మిది నెలలు నిండాక తట్టు సూది వేయాలని ఆమే నాకు చెబుతోంది.

"పంపించప్పా, ఇట్ల తాడు దాకా వస్తే చాలు" అన్నాను మునివెంకటప్పతో.

"పెద్ద మేతలో ఉండాయమ్మా. ఆ యమ్మ నీ దగ్గరికి వచ్చి, నిన్ను ముట్టుకోని, మళ్ళా లోపలికి పోతే ఎట్ల? గూడు కట్టినంక ఎన్ని సూదులన్నా ఏసుకో, నాకేం బేజారు లేదు."

ఆయన ఆకు తేవడానికి అటు పోగానే ఫూల్‌మణి తాడుకు కొంచెం దూరంలో వచ్చి నిలబడింది. రైతు భార్య రత్నమ్మ దగ్గర నేర్చిన తెలుగుతో మెల్లగా చెప్పింది.

"ముందు పెద్దోడు ఉండె. ఇటుక బట్టీలో ఉన్నప్పుడు దానా వచ్చింది. తరువాత దగ్గు. ఊపిరి ఇట్ల, ఇట్ల." గుండె మీద చెయ్యి పెట్టి ఎగరేసి చూపించింది.

"సూది వేయించలేదా?"

"అడిగినాను అక్కా. ఒక బిడ్డకి సీసా తెరవం, వచ్చే వారం రా అన్నారు. వచ్చే వారం మేము వేరే బట్టీలో."

ఏ జిల్లా, ఏ ఆసుపత్రి అని నేను అడగలేదు. ఏదైతేనేం, మనలాంటిదే.

తెరిచిన సీసాకే లెక్క

తట్టు మందు పొడిగా వస్తుంది. నీళ్ళు కలిపి సీసా తెరిచామంటే నాలుగు గంటల్లో వాడాలి. మిగిలింది పారేయాలి. దాచి మరునాడు వేస్తే ప్రాణాలకే ముప్పు, అందులో వాదన లేదు. ఒక సీసా కొంతమంది పిల్లలకు సరిపోతుంది. ఒకే బిడ్డ వచ్చినా తెరవాల్సిందేనని పైవాళ్ళే నియమం పెట్టారు. ఆ నియమం గోడకు అంటించి ఉంటుంది. దాని కిందే కూర్చుని మనవాళ్ళు, "ఇంకో నలుగురు రానీమ్మా" అంటారు.

మా డాక్టరు కుర్రవాడు, చెడ్డవాడేం కాదు. రోగుల మీద కసిరేవాడు కాదు. కాని జిల్లా మీటింగు అంటే వణుకు.

"సిస్టర్, ఒక్క బిడ్డ కోసం సీసా తెరిస్తే మిగతాది ఏం చేస్తారు?"

"పారేస్తాను సార్."

"ఆ మీటింగులో నిలబడి జవాబు చెప్పేది మీరు కాదు, నేను."

"తెరవకపోతే ఆ బిడ్డకి జవాబు ఎవరు చెప్తారు సార్?"

"గురువారం తీసుకురమ్మనండి. సెషన్ రోజు అది. పిల్లలు నలుగురూ వస్తారు."

ఇదీ మన జబ్బు. తెరిచిన సీసాకు లెక్క అడుగుతారు. తిప్పి పంపిన బిడ్డకు ఎవరూ లెక్క అడగరు. కాబట్టి పదిమందిలో తొమ్మిదిమంది తిప్పి పంపడమే నేర్చుకుంటారు. వీళ్ళు దుర్మార్గులు కారు. నోట్లో నాలుక లేనివాళ్ళు, అంతే. కొన్నిసార్లు దుర్మార్గులే నయం అనిపించేది నాకు, వాళ్ళతో కనీసం పోట్లాడవచ్చు.

ఆమె వచ్చిన మంగళవారం

గూడు కట్టినంక నేనే వస్తా అక్కా అన్న ఫూల్‌మణి మాట తప్పలేదు. పురుగులు గూడు కట్టాయి, మునివెంకటప్ప గూళ్ళను టెంపోలో మార్కెట్టుకు పంపించాడు. ఆ రోజే ఆమె బిడ్డను చంకనేసుకుని సబ్‌సెంటర్‌కు నడిచి వచ్చింది. అది మంగళవారం.

ఆ రోజు నేను ఎక్కడున్నానో తెలుసా? కోలారులో, ఒక హాల్లో ఫ్యాను కింద కూర్చుని ఉన్నాను. వలస కుటుంబాల్లో అవగాహన పెంచడం ఎలా అని మాకు పాఠం చెబుతున్నారు. ఉప్మా పెట్టారు. ఉప్మా బాగానే ఉంది.

సబ్‌సెంటర్‌లో ఉన్న మనిషి ఫూల్‌మణితో, "ఈ పొద్దు మంగళవారం. బేస్తవారం రాపో" అన్నది. కసరలేదు, విసుక్కోలేదు, నవ్వుతూనే చెప్పిందట. ఆమె బిడ్డను మళ్ళీ చంకనేసుకుని వెనక్కి నడిచింది. గురువారం నాటికి షెడ్డు కడగడం మొదలైంది. సున్నం, బ్లీచింగ్ పౌడరు, తరువాత కొత్త పురుగులు. తాడు మళ్ళీ కట్టేశారు.

ఈ సంగతి నాకు పాల డెయిరీ దగ్గర రత్నమ్మ చెప్పింది. తల పట్టుకున్నాను. పరుగున తోటకు పోయాను. ఫూల్‌మణి తాడుకు అవతల నిలబడి, నా మీద కోపం ఏమీ లేకుండా, వాన పడిందా అని అడిగినట్టు మామూలుగా అన్నది.

"నువ్వు వచ్చే రోజు నేను లేదు. నేను వచ్చే రోజు నువ్వు లేదు అక్కా."

తిట్టి ఉంటే బాగుండేది.

ఆ వారమే దగ్గర్లోని ఒక కోళ్ళ ఫారంలో పనివాళ్ళ బిడ్డకు తట్టు లేచింది. ఎర్రటి కళ్ళు, ఒళ్ళంతా దద్దు. ఆ బిడ్డ బతికింది, నయమే. మరునాడే జీపు వచ్చింది, బ్యానరు వచ్చింది. ఫారంలో పిల్లలందరికీ సూదులు పడ్డాయి. ఇదే జీపును పట్టు షెడ్ల వైపు కూడా తిప్పండి అని అందులో వచ్చిన అధికారిని బతిమాలాను.

"ఒక్కో షెడ్డులో ఎంతమంది ఉంటారు?"

"ఒక్కరు సార్. ఒక్కో చోట ఒకరు."

"అట్లైతే వాళ్ళనే ఇక్కడికి రమ్మనండి."

ఆ బ్యానరు పీకి ఆయన తలకు చుట్టాలనిపించింది. చుట్టలేదు. పెన్షన్ దగ్గర పడింది కదా.

మునివెంకటప్పతో గలాటా

నేరుగా తాడు దగ్గరికి పోయి గొంతు చించుకున్నాను.

"ఏమప్పా మునివెంకటప్పా! నీ పురుక్కి వాసన తగిల్తే సచ్చిపోతాదని ఊరంతా కాపలా కాస్తా ఉండావు. ఆ యమ్మకి ఒక బిడ్డ ఇట్లే పోయినాడు. పక్క ఫారంలో తట్టు లేసింది. ఈ బిడ్డకి కూడా వస్తే, నీ గూడు అమ్మి తెచ్చిస్తావా?"

ఆయన ముఖం మాడిపోయింది. ఆ బిడ్డను ఎత్తుకుని తిరిగేవాడే ఆయన. మెడలో నల్లపూస కట్టింది కూడా రత్నమ్మే.

"అట్లంటావేమమ్మా? నేనేం రాచ్చసుణ్ణా? ఆ బిడ్డ నా కాళ్ళ మధ్యనే పాకతాది. నువ్వు వచ్చినప్పుడల్లా మేత పొద్దే చూసి వస్తా ఉండావు. నేనేం చేసేది? జ్వరం పొద్దు వస్తే ఎవురొద్దంటారు?"

"జ్వరం పొద్దా?"

"పురుగులు జ్వరానికి కూర్చున్న పొద్దు మేత ఉండదు. ఆకు కోసేది లేదు, ఏసేది లేదు. షెడ్డులోకే పోము. ఆ యమ్మ పని లేక సుమ్నే కూర్చోనుంటాది. మా సుట్టూ నాలుగు తోటలోళ్ళం గుడ్లు పొదిగించి అమ్మే ఒకే చాకీ నుంచి పిల్ల పురుగులు తెచ్చుకుంటాము. అందరివీ ఒకటే మారు కూర్చుంటాయి. ఇది ఎవురికి తెల్దు?"

మాకు తెలియదు. ఇన్నేళ్ళు ఆ తోటల పక్కనే తిరిగి, గురువారం గురువారం అని అరిచాం గాని, మీకు తీరిక ఎప్పుడు అని ఒక్కరం అడగలేదు. నాలుగు తోటల్లోనూ బయటినుంచి వచ్చిన తల్లులున్నారు, చంటిబిడ్డలున్నారు. అందరికీ ఒకే రోజు తీరిక.

"మరి నా మీద వాసన?"

"మా ఇంట్లో నీళ్ళు పోసుకో. రత్నమ్మ చీర కట్టుకో. ఆ స్పిరిట్టు సీసా మాత్రం తేబాక."

ఈ సూదికి స్పిరిట్ అక్కరే లేదు. శుభ్రమైన నీళ్ళతో తుడిస్తే చాలు. అలవాటు కొద్దీ మనం పూస్తాం, ఆ వాసన వెంటేసుకుని ఊరంతా తిరుగుతాం.

డాక్టరు దగ్గరికి పోయి, నాలుగు తోటల పిల్లలు ఒకేచోట దొరుకుతారని చెప్పాను. నలుగురు అనగానే ఆయన ముఖం విప్పారింది. "ముందే ఇట్ల చెప్పొచ్చు కదా సిస్టర్!" అన్నాడు. నేను నోరు కట్టేసుకుని మందు డబ్బా తీసుకున్నాను.

జ్వరం పొద్దు

ముందే చెబుతున్నాను, ఆ రోజు తెరిచిన సీసాలో చాలా భాగం పారేశాను. ఎందుకు పారేశారో రాసిమ్మని డాక్టరు తరువాత అడిగాడు. "ఎదురుగా ఒక బిడ్డ ఉండినది" అని రాసిచ్చాను. ఆయన దాని మీద ఏం రాసుకున్నాడో నాకు తెలియదు, తెలుసుకోలేదు.

ముందు రోజు వాన పట్టింది. గాలి చల్లబడింది. పొద్దున్నే నేను, అప్పట్లో మా దగ్గర కొత్తగా చేరిన నర్సు లత, ఐస్ పెట్టిన మందు డబ్బాతో మునివెంకటప్ప ఇంటికి చేరాం. రత్నమ్మ ఇద్దరికీ వేడినీళ్ళు పెట్టింది. తల రుద్దుకుని, ఆమె చీరలు కట్టుకుని అరుగు మీద కూర్చున్నాం. లత పొట్టి పిల్ల, చీర నేలంతా ఊడుస్తోంది. నేనేమో భారీ మనిషిని, చీర చాలక ఇబ్బంది పడ్డాను. మునివెంకటప్ప మమ్మల్ని ఇద్దరినీ వాసన చూసి, "ఇప్పుడు మనుషుల మాదిరి ఉండారు" అన్నాడు.

ఫూల్‌మణి అప్పటికే వచ్చి కూర్చుంది. తల దువ్వుకుంది. గుడియాకు నూనె రాసి, ఎర్ర గౌను తొడిగింది. మిగతా ముగ్గురూ రాలేదు.

ఎదురు చూశాం. మునివెంకటప్ప సైకిలు మీద పోయి వచ్చాడు. "చలికి వాళ్ళ పురుగులు ఇంగా జ్వరానికి కూర్చోలేదమ్మా. మేత ఏస్తా ఉండారు. సాయంత్రానికి కూర్చున్నా కూర్చుంటాయి, రేపన్నా కూర్చుంటాయి" అన్నాడు.

లత నా చెవి దగ్గరికి వంగింది. "సిస్టర్, ఒక్క బిడ్డే ఉండాది. సార్ నలుగురు అన్నారు కదా. సాయంత్రం దాకా చూద్దామా? లేకుంటే బేస్తవారం..."

మెల్లగానే అన్నది. కాని ఆ ఒక్క మాట ఫూల్‌మణికి బాగా తెలుసు. మా ఇద్దరి ముఖాలూ చూసింది. గుడియాను చంకకు ఎత్తుకుంది, కొంగు సర్దుకుంది, లేచి నిలబడింది.

"సరే అక్కా" అన్నది. "బేస్తవారం."

అడగలేదు. బతిమాలలేదు. ఒక బిడ్డను మట్టిలో పెట్టి వచ్చిన తల్లి, రెండో బిడ్డ సూది కోసం అన్నిసార్లు తిరిగిన తల్లి, మేము పొమ్మనక ముందే పోవడానికి లేచింది. అది మేము నేర్పిన చదువు. మన శాఖ వాళ్ళకు ఇచ్చిన అవగాహన అదొక్కటే.

"కూర్చో!" అని అరిచాను.

నా అరుపుకు ఫూల్‌మణితో పాటు మునివెంకటప్ప కూడా కూర్చున్నాడు. లత ఏదో అనబోయింది. నేను సీసా మూత తీసేశాను. నీళ్ళ గొట్టం విరిచాను, కలిపాను, సూదిలోకి ఎక్కించాను. ఫూల్‌మణి ఒడిలో గుడియా కుడి జబ్బ పట్టుకుంది. రత్నమ్మ తడిగుడ్డతో తుడిచింది. వేశాను.

ఒక క్షణం ఆగి, గుడియా మొదలుపెట్టింది. అరుగు అదిరిపోయే ఏడుపు. మునివెంకటప్ప షెడ్డు వైపు చూసి, "మెల్లగా, మెల్లగా తల్లీ, పురుగులు పడుకోనుండాయి" అంటూ చేతులు ఊపాడు. నేను అలవాటు కొద్దీ చిటికెలు వేస్తూ, ఊరుకో ఊరుకో అంటూ బిడ్డ వైపు చెయ్యి చాచాను.

ఫూల్‌మణి నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఏడవనీ అక్కా" అన్నది. "పెద్దోడికి చివర్లో ఏడ్చేదానికి గొంతు కూడా లేదు."

మునివెంకటప్ప చేతులు దించేశాడు. గుడియా తన ఇష్టం వచ్చినంత సేపు ఏడ్చింది. లత పెన్ను తీసి సీసా మీద తెరిచిన టైము రాసి, ఐస్ మీద పెట్టింది. మిగతా పిల్లలు వస్తారేమోనని మేము ఆ అరుగు మీదే కూర్చున్నాం.